మూడో షరతు

ఆ ఊళ్ళో సగం మంది ఈ లోకంలో మొదట చూసిన మొహం నర్సమ్మదే. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది గానీ దాన్ని జీతాల రిజిస్టరు తప్ప ఎవరూ వాడేవారు కాదు. ఊరికి ఆస్పత్రి లేదు. ఆరోగ్య కేంద్రమని బోర్డు తగిలించిన రెండు గదులుండేవి. ఒకదానిలో మందులు, ఒకదానిలో ఇనుప మంచం. ఉద్యోగమంతా ఆమె ఆ మంచం పక్కనే గడిపింది. కాన్పు అడ్డం తిరిగితే మాత్రం చేసేదేమీ లేదు. గని లారీనో, అద్దె కారునో బతిమాలి, కొండ మలుపులన్నీ దిగి పెద్ద ఊరికి పోవాలి. దారిలో పోయినవాళ్ళున్నారు. బస్సు డ్రైవరు భార్య అలాగే పోయింది, నర్సమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, ఊరి చివరి మలుపు ఇంకా కనబడుతుండగానే.

రిటైరయ్యాక జనం ఆమెను ఊరికే కూర్చోనివ్వలేదు. మున్సిపల్ కౌన్సిల్‌కి నిలబెట్టారు, గెలిపించారు, చైర్మన్‌ని చేశారు. పోటీ చేసి ఓడిపోయిన కుర్రవాడు కూడా ఆమె చేతుల్లో పుట్టినవాడే. "మీరే నన్ను భూమ్మీదికి తెచ్చారు, మీరే మట్టి కరిపించారు" అని నవ్వుతూ వచ్చి ఒక దండ వేసి పోయాడు.

నర్సమ్మకు పెళ్ళి కాలేదు. తనవాళ్ళంటే అక్క, బావ. వాళ్ళు గని వైపు కొండవాలులో ఉన్న మెట్ల వీధిలో ఉండేవారు. వీధి అనడమే గానీ, రెండు వైపులా రాతి గోడలు, మధ్య మనిషీ మనిషీ ఒరుసుకునేంత వెడల్పు, కిందినుంచి పైదాకా మెట్లు. అక్క ఇంట్లోనే మిషను మీద గని పనివాళ్ళ ముతక చొక్కాలూ పంట్లాలూ కుట్టేది. బావ బెత్తం కుర్చీలు అల్లేవాడు.

బావకు కళ్ళు లేవు. వయసులో ఉండగా గనిలో మందుగుండు పేల్చే పని చేసేవాడు. ఒకరోజు పేలలేదనుకున్న తూటా ఒకటి, దగ్గరికెళ్ళి చూడబోతే పేలింది. ప్రాణం దక్కింది, చూపు పోయింది. ఆరు నెలలు గోడవైపు తిరిగి పడుకుని, ఏడో నెల లేచి కూర్చుని బెత్తం తెప్పించమన్నాడట. ఆ తర్వాత మనిషి మళ్ళీ మామూలే, ఇంకా చెప్పాలంటే మునుపటికన్నా వాచాలుడు. "నా కళ్ళు ఎక్కడికీ పోలేదు మరదలా, అరచేతుల్లోకి దిగాయంతే" అనేవాడు.

ఆ మాట ఉత్త గొప్ప కాదు. మెట్ల వీధిలో ఆయనకు చేతికర్ర కూడా అక్కర్లేదు. ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి దిగిపోయేవాడు. నున్నటి రాయి వస్తే పాలావిడ గడప, గరుకు సున్నం తగిలితే టీచరు ఇల్లు, వేడి తగిలితే ఇస్త్రీ కొట్టు, గోడ విరిగి చెయ్యి గాల్లోకి జారిందా, అది సెలూను. ఆ సెలూను ఆయన నేస్తానిది. ఊరంతా అతన్ని కత్తెర అనేవారు, అతని చేతిలో ఉన్నదాన్ని బట్టి కాదు, నోట్లో ఉన్నదాన్ని బట్టి. రోజూ పొద్దున్నే బావ గెడ్డం గీయించుకోవడానికి వెళ్ళేవాడు. గెడ్డం రోజూ పెరగదని అక్క అంటే, "కబుర్లు రోజూ పెరుగుతాయిగా" అనేవాడు. దారిలో నలుగురు విరిగిన కుర్చీ గురించో, కుంగిన మంచం గురించో చెప్పేవారు. తిరిగి వచ్చేసరికి నాలుగు రోజుల పని భుజాన వేసుకుని వచ్చేవాడు. కౌన్సిల్ హాల్లో పొడుగు బల్ల చుట్టూ ఉన్న కుర్చీలన్నీ ఆయన అల్లినవే.

ఆ హాల్లోకి ఒక ఎండాకాలం మధ్యాహ్నం గని మేనేజరు మ్యాపు చుట్ట చంకన పెట్టుకుని వచ్చాడు.

మనిషి చెడ్డవాడేం కాదు. ఎత్తుగా, కాస్త వంగి, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేవాడు. మ్యాపు బల్లమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు నీళ్ళగ్లాసులు పెట్టి, వేలితో చూపించాడు. ఇప్పుడు తవ్వుతున్న వైపు ఖనిజం అడుగంటింది. మిగిలిన పొర కొండలోపలినుంచి ఇటు తిరిగింది. సరిగ్గా మెట్ల వీధి కిందికి.

"ఆ వీధి ఖాళీ చేస్తే గనికి ఇంకో తరం పని ఉంటుంది. చెయ్యకపోతే రెండు మూడేళ్ళలో మూసేసుకోవాలి. కొత్త కాలనీ కంపెనీయే కట్టిస్తుంది. బెదిరించడం లేదమ్మా, ఉన్నమాట చెబుతున్నాను."

అతను ఆ మాట అంటుండగానే మధ్యాహ్నపు పేలుడు వినిపించింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. గ్లాసుల్లో నీళ్ళు వణికాయి. అది రోజూ ఉండేదే, ఎవరూ తలెత్తి చూడరు. ఆరోజు మాత్రం అందరూ గ్లాసుల వంక చూశారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊళ్ళో ఇంటికొకరు గనిలో పనిచేస్తున్నారు. గని పోతే కిరాణా కొట్టు పోతుంది, బస్సు పోతుంది, బడి పోతుంది. మెట్ల వీధి ఇళ్ళు చూస్తే అప్పటికే పేలుళ్ళకు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఉండనివ్వడం కూడా మేలు చేసినట్టు కాదు. చర్చలు వారాల తరబడి సాగాయి. చివరికి నర్సమ్మ మూడు షరతులు పెట్టింది. కొత్త ఇళ్ళు పూర్తయ్యాకే పాతవి ఖాళీ చేస్తాం. ప్రతి ఇల్లూ సొంతదారు పేరుమీద ఉండాలి, లోపల నీళ్ళ కొళాయి ఉండాలి. మూడోది: మెట్ల వీధిలో ఎవరి పక్కన ఎవరున్నారో, కొత్త కాలనీలోనూ అదే వరుసలో, గోడకు గోడ ఆనుకుని ఉండాలి.

మూడోది చెప్పేటప్పుడు ఆమె మనసులో ఉన్నది బావే. పైకి చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. మెట్ల వీధి వాళ్ళందరూ ఆ షరతుకే చప్పట్లు కొట్టారు.

మేనేజరు మొదటి రెండూ ఒప్పుకున్నాడు. మూడోదానికి తలకాయ గోక్కున్నాడు. కాలనీ ప్లాను ఎప్పుడో గీసేశారట. చిన్న ఇళ్ళు ఒకవైపు, పెద్దవి ఒకవైపు, మధ్య మధ్య ఖాళీ జాగా, వెడల్పాటి రోడ్లు. మొత్తం చెరిపి మళ్ళీ గీయాలంటే ఏడాది ఆలస్యమట. "దీని బదులు ఇంకేదైనా అడగండమ్మా, పైవాళ్ళతో మాట్లాడతాను" అన్నాడు.

ఇంకేదైనా అన్న మాట వినగానే నర్సమ్మకు ఇనుప మంచం కళ్ళముందు కదిలింది. ఊరి చివరి మలుపు కదిలింది. ఆమె ఎవర్నీ అడగలేదు, ఎవరి వంకా చూడలేదు.

"ఆస్పత్రి" అంది. "ఆపరేషను గదితో. డాక్టరుతో సహా."

మేనేజరు రాసుకుని వెళ్ళాడు. వారం తిరక్కుండా జవాబు తెచ్చాడు. ఆస్పత్రి కట్టిస్తారు. మూడో షరతు వదులుకోవాలి.

కౌన్సిల్లో ఓటింగుకు ముందురోజు సాయంత్రం నర్సమ్మ అక్కావాళ్ళింటికి వెళ్ళింది. బావ గడపలో కూర్చుని ఒక కుర్చీ అడుగు బిగిస్తున్నాడు. అక్క మిషను దగ్గర ఉంది. విషయం చెప్పింది.

అక్క మిషను ఆపింది. "ఆస్పత్రి వద్దని ఎవరన్నారే? రావాలి. కానీ దానికీ దీనికీ ముడేమిటి? అది అడుగు, ఇదీ అడుగు. ఒకటిచ్చి ఒకటి తీసుకోవడానికి ఇదేమన్నా సంతా?"

"రెండూ ఇవ్వరక్కా. వాళ్ళు గట్టిగా చెప్పేశారు."

"గట్టిగా అడిగావా మరి?"

బావ బెత్తం పంటితో లాగి ముడివేస్తూ కల్పించుకున్నాడు. "ఏమిటే దాన్ని అలా నిలదీస్తావు? ఆడపిల్లలు దారిలో చచ్చిపోకుండా ఉంటారంటే నేను గోడ వదిలేస్తాలే. గోడ లేకపోతే నువ్వు లేవూ? గోడకన్నా నువ్వే గట్టి."

నర్సమ్మ నవ్వింది. అక్క నవ్వలేదు. బావ ఆ మాట నిజంగా ఇష్టపడి అన్నాడో, భార్యాభర్తల మధ్యకు వచ్చి నలిగిపోతున్న మరదలి మీద జాలితో అన్నాడో నర్సమ్మ ఆలోచించలేదు. తనకు కావలసిన మాట కాబట్టి దాన్ని అనుమతిగా తీసుకుని మెట్లు దిగింది.

మర్నాడు హాలు కిటకిటలాడింది. కిరాణా పెద్దాయన ఒక్కడే అడ్డు చెప్పాడు. "సరుకు కొనేవాడికి తొందరున్నప్పుడు అమ్మేవాడు తొందరపడకూడదు నర్సమ్మా. వాళ్ళకు వీధి కావాలి. మనం ఇంకో నెల ఆగుదాం. ఆగితే రెండూ వస్తాయని నాకనిపిస్తోంది."

"ఇంకో నెలలో ఎవరింట్లో కాన్పు ఉందో మీకు తెలుసా?" అన్నాడు బస్సు డ్రైవరు. అతనూ కౌన్సిలరే. గొంతు పెద్దది చేయలేదు. కానీ ఆ మాట తర్వాత కిరాణా పెద్దాయన కూర్చుండిపోయాడు. చేతులు లేచాయి. ఒక్కటి తప్ప అన్నీ లేచాయి. చప్పట్లు మొదలయ్యేలోపే వెనకబెంచీలో కూర్చున్న అక్క లేచి వెళ్ళిపోవడం నర్సమ్మ చూసింది.

ఇళ్ళకు చీటీలు తీశారు. కత్తెరకు కాలనీ మొదట్లో, బస్సు ఆగేచోటు పక్కన ఇల్లు వచ్చింది, సెలూను పెట్టుకోవడానికి వీలుగా. అక్కాబావలకు చిట్టచివరి వరుసలో, లారీల రోడ్డు పక్కన వచ్చింది. అక్క చీటీ విప్పి చూసుకుని, ఏమీ అనకుండా మడిచి రవికలో దోపుకుంది.

"మార్పించవచ్చుగా నర్సమ్మా" అని కత్తెరే వచ్చి అడిగాడు. "నా పక్కింటివాడితో నేను మాట్లాడతాను. నువ్వు ఒక్క మాట చెబితే చాలు, కాదనడు."

ఆమె చెప్పలేదు. చైర్మన్ తన బావకోసం చీటీ మార్పించిందని ఊరు అనుకుంటుందని భయపడింది. చేతికి మట్టి అంటకూడదన్న పట్టుదల ఆమెకు మొదటినుంచీ ఉంది. ఆ పట్టుదలకు ఖరీదు ఇంకెవరో కడతారని అప్పుడు తోచలేదు.

కొత్త కాలనీ చూడటానికి ముచ్చటగా ఉంది. నిటారుగా రోడ్లు, తెల్లటి ఇళ్ళు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు. ఇంటికీ ఇంటికీ మధ్య బోలెడంత ఖాళీ. కొళాయి తిప్పితే నీళ్ళు. మెట్ల వీధిలో బిందెలు మోసి నడుములు విరగ్గొట్టుకున్న ఆడవాళ్ళు నర్సమ్మ కనబడితే చేతులు పట్టుకునేవారు.

బావ దిగిన మర్నాడే బయటికి వెళ్ళాడు. చెయ్యి చాపితే గోడ లేదు. గాలి ఉంది. కాస్త దూరం నడిచి, వెనక్కి తిరిగాననుకుని ఇంకెవరింట్లోనో దూరి, కుర్చీలో చతికిలబడి, "ఏమేవ్, కాఫీ పెట్టు" అన్నాడు. ఆ ఇంటి కొత్త కోడలు హడలిపోయి, పాపం, పెట్టేసింది. ఆ కథ చెప్పుకుని కాలనీ అంతా నవ్వారు, బావే అందరికన్నా గట్టిగా నవ్వాడు. రెండోసారి నవ్వులాటగా జరగలేదు. కర్ర పట్టుకుని బయల్దేరి, దారి తప్పి లారీల రోడ్డు మధ్యలోకి వెళ్ళిపోయాడు. లారీ ఆగింది గానీ, ఆగిన చప్పుడు అక్క ఇంట్లోకి వినబడింది. ఆ సాయంత్రమే ఆమె గేటుకు లోపలినుంచి తాళం వేసింది.

అక్క చెయ్యి పట్టుకుని వెళ్ళవచ్చు కదా అంటే, మొదట్లో వెళ్ళాడు కూడా. కానీ పెళ్ళాం చెయ్యి పట్టుకుని గెడ్డానికి వెళ్ళి, ఆమె బయట ఎండలో నిలబడి ఉండగా కబుర్లు చెప్పడం ఆయనకు రాలేదు. కత్తెర వారానికోసారి పెట్టె పట్టుకుని ఇంటికే వచ్చేవాడు. తర్వాత తర్వాత తీరిక చిక్కినప్పుడు. దారిలో కుర్చీల సంగతి చెప్పేవాళ్ళు ఎవరూ తగలకపోవడంతో పనీ తగ్గింది. జనం ప్లాస్టిక్ కుర్చీలు కొనుక్కున్నారు. బావ రోజంతా ముందుగదిలో కూర్చుని, రోడ్డుమీద వెళ్ళే లారీ నిండుదో ఖాళీదో చప్పుడును బట్టి చెప్పేవాడు. కొన్నాళ్ళకు అదీ మానేశాడు.

ఆస్పత్రి తెరిచారు. మొదటి నెలలోనే మెట్ల వీధి టీచరు కూతురికి బిడ్డ అడ్డం తిరిగింది. రెండేళ్ళ కిందట అయితే లారీ వెతుక్కోవలసిన కేసు. ఆపరేషను గది బయట నర్సమ్మ నిలబడి ఉంది, లోపలినుంచి ఏడుపు వినిపించింది. బస్సు డ్రైవరు పక్కనే ఉన్నాడు. అతనికేమీ కారు వాళ్ళు. అయినా గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ సంతోషం పట్టలేక నర్సమ్మ నేరుగా అక్క దగ్గరికి పరిగెత్తింది. "తల్లీ బిడ్డా క్షేమం అక్కా!" అంది గుమ్మంలోనే.

"మంచిదే" అంది అక్క, గుడ్డ మీంచి తలెత్తకుండా. దారం తెంపి, "పుణ్యం చేసుకున్నావు" అని కూడా అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, వెచ్చదనమూ లేదు. దారిన పోయేవాళ్ళతో అన్నట్టు అంది. బావ ముందుగదిలో నిద్రపోతున్నాడు. పట్టపగలు బావ నిద్రపోవడం నర్సమ్మ ఎన్నడూ చూసి ఎరగదు.

మెట్ల వీధి పైకప్పులు దింపేశారు, గోడలు యంత్రాలతో తోసేశారు, జనం మళ్ళీ వెళ్ళి చేరకుండా. మొదటి ఏడాది రంధ్రాలు వేసి రాళ్ళ నమూనాలు పైకి తీశారు. రెండో ఏడాది కూడా అవే రంధ్రాలు. ఈలోగా ఖనిజం ధర పడిపోయింది. కంపెనీ ఇంకో కంపెనీకి అమ్ముడుపోయింది. కొత్తవాళ్ళు లెక్కలు చూసి, మెట్ల వీధి కింద పొర అనుకున్నంత మందం లేదని, తవ్వితే కూలి కూడా గిట్టదని తేల్చారు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, వీళ్ళు కొండను తవ్వనూ లేదు. ఒక మధ్యాహ్నం కౌన్సిల్ సమావేశంలో ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. పేలుడు వేళ దాటిపోయింది. అద్దాలు కదల్లేదు. ఎవరి గ్లాసులో నీళ్ళు వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు.

మేనేజరు చివరిసారి సెలవు తీసుకోవడానికి వచ్చాడు. అతని ఉద్యోగమూ పోయింది. హాల్లో ఎవరూ లేరు, నర్సమ్మ ఒక్కతే ఉంది. టీ తెప్పించింది.

"నాకిచ్చిన మ్యాపు అదేనమ్మా" అన్నాడు. "తప్పుడు మ్యాపని తెలిస్తే పరిచేవాణ్ణి కాదు."

"తెలుసు బాబూ." ఆమె ఎప్పటినుంచో గొంతులో ఉన్న ప్రశ్న అడగనా వద్దా అని తటపటాయించి, అడిగేసింది. "ఇళ్ళ వరుస మార్చడానికి నిజంగా ఏడాది పట్టేదా?"

అతను టీ కప్పు కింద పెట్టాడు. అబద్ధం చెప్పవలసిన అవసరం ఇక లేని మనిషి. "లేదమ్మా. ఒక నెల. మహా అయితే రెండు."

"మరి?"

"బేరంలో అలాగే అంటారు. మీరు పట్టుబడితే ఒప్పుకోమనే నాకు చెప్పి పంపారు. ఆస్పత్రి కూడా అడుగుతారని మావాళ్ళు ముందే అనుకున్నారు. రెండూ ఇవ్వడానికి అనుమతి ఉంది." తల వంచుకున్నాడు. "మీరు రెండోసారి అడగలేదు. అడుగుతారేమోనని నేను వారంపాటు చూశాను."

అతను వెళ్ళిపోయాక నర్సమ్మ టీ కప్పులు తనే కడిగి బోర్లించింది. తప్పు చేశానన్న ఊహ ఆమెకు కొత్త కాదు. కానీ ఇన్నాళ్ళూ ఆ తప్పు పక్కన ఒక బిడ్డ ఏడుపు ఉండేది. ఒకటి పోయి ఒకటి వచ్చిందని సర్దుకునేది. ఇప్పుడు చూస్తే ఆ బిడ్డ ఎలాగూ బతికేదే. బావ నడక మాత్రం ఊరికే పోయింది, దేనికీ కాకుండా, ఒక్క మాట రెండోసారి అడగనందుకు.

పదవీకాలం ఇంకా కొద్దినెలలుంది. ఆమె ఒకే ఒక్క పని నెత్తిన వేసుకుంది. బావ గేటు దగ్గర్నుంచి కాలనీ మొదట్లో సెలూను దాకా, రోడ్డు పక్కగా నడుమెత్తున ఇనుప గొట్టంతో రెయిలింగు వేయించాలని. "బంధువుకోసం అంటారు చూడు" అని ఒకరిద్దరు గొణిగారు. "అనుకోనివ్వండి, నిజమే కదా" అంది. గని మూతపడి ఖజానా ఖాళీగా ఉన్న రోజులు. గని షెడ్డులో తుప్పుపట్టి పడున్న పాత గొట్టాలు అడిగి తెచ్చింది. వెల్డింగు మేస్త్రీ ఇంటికి రోజూ తిరిగింది. కిరాణా పెద్దాయన, ఆనాడు చెయ్యెత్తని ఆయనే, రంగు డబ్బాలు పంపించాడు.

రెయిలింగు పూర్తయిన రోజు పొద్దున్న అక్క గేటు తాళం తీసింది. బావ చెయ్యి చాపి గొట్టం మీద వేశాడు. ఒకసారి తట్టి చూశాడు. "చల్లగా ఉందే, గోడలా వెచ్చగా లేదు" అన్నాడు. తర్వాత నడిచాడు. మొదట ఆగి ఆగి, తర్వాత మామూలుగా, చివరికి పాత రోజుల్లోలాగా భుజం కాస్త ముందుకు తోసి. నర్సమ్మా అక్కా వెనక దూరంగా, అడుగుల చప్పుడు వినబడకుండా నడిచారు. "ఇద్దరూ చెప్పులు విప్పి నడిస్తే నాకు తెలీదనుకున్నారా?" అన్నాడు తల తిప్పకుండా. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సెలూనులో కత్తెర ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ కట్టి, నురగ పూసి, చాలాసేపు కత్తి తీయకుండా నిలబడ్డాడు. చెప్పక తప్పని మాట చెప్పాడు. గెడ్డాలు గీయించుకునేవాళ్ళందరూ గని పనివాళ్ళు. గని పోయింది, వాళ్ళు పోతున్నారు. తనూ కూతురి ఊరికి వెళ్ళి అక్కడ కుర్చీ వేసుకుంటున్నాడు. నెలాఖరుకి.

బావ నురగ మొహంతోనే నవ్వాడు. "ఇన్నాళ్ళకు నీ నోరు నాలుగు మాటలకే ఆగిందిరా" అన్నాడు.

ఆ నెలాఖరు దాకా రోజూ వెళ్ళాడు. గెడ్డం ఉన్నా లేకపోయినా వెళ్ళాడు. తర్వాత సెలూను తలుపులు వేసేశారు. రెండుసార్లు అలవాటుకొద్దీ అంతదాకా వెళ్ళి, తలుపు తడిమి తిరిగొచ్చాడు. మూడోసారి బయల్దేరలేదు. "ఎక్కడికని నడవను మరదలా? రెయిలింగు బాగానే ఉంది. ఊరే లేదు" అన్నాడు. అప్పటికి కాలనీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

నర్సమ్మ మళ్ళీ పోటీ చేయలేదు. సాయంత్రాలు అక్క దగ్గరికి వెళ్ళి కూర్చునేది. రెయిలింగు వేయించిన దగ్గర్నుంచి అక్కలో కాస్త మార్పు వచ్చింది. కుట్టుపని లేదు, చొక్కాలు తొడుక్కునేవాళ్ళే లేరు. ఇద్దరూ అరుగుమీద కూర్చుని గుండీలు కుట్టడమో, పాత బట్టలు విప్పదీయడమో చేసేవారు. ఒక సాయంత్రం టీచరు మనవరాలు, ఆ ఆపరేషను పిల్ల, బుడిబుడి అడుగులు వేసుకుంటూ రెయిలింగు కింద దూరి గేటు దాకా వచ్చింది. అక్క దాన్ని ఎత్తుకుని మొహం తుడిచి, తల్లికి అందించి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"పోనీలేవే" అంది. ఇన్నాళ్ళ తర్వాత చెల్లెలి మోకాలి మీద చెయ్యి వేసింది. "అది బతికిందిగా. నేనూ లెక్క వేసుకున్నాను. ఆయన నడక పోయింది, దాని ప్రాణం నిలబడింది. ఒకటిస్తేనే గానీ ఒకటి రాదనుకుంటే నీమీద కోపం నిలవడం లేదు."

నర్సమ్మ ఊరుకుని ఉంటే సరిపోయేది. మోకాలి మీది చేతిని అలాగే ఉంచుకుని, ఊ అంటే సరిపోయేది. కానీ ఆ మన్నింపు తనది కాదనిపించింది. తప్పుడు లెక్కమీద వచ్చిన మాఫీ అనిపించింది. మేనేజరు చెప్పినదంతా చెప్పేసింది. ఒక నెల పని. రెండూ ఇచ్చేవారు. రెండోసారి అడగలేదు.

అక్క వింటూ ఉంది. చెయ్యి తీసేయలేదు, కానీ ఆ చేతిలో బరువు పోవడం నర్సమ్మకు తెలిసింది.

"నాకెందుకు చెప్పావే?" అంది చివరికి, మెల్లగా. "నీ గుండె తేలిక చేసుకోవడానికా? ఆ పిల్లకోసం పోయిందనుకుంటే కాస్త ఊరటగా ఉండేది. ఆ మొహం చూసి తమాయించుకునేదాన్ని. ఇప్పుడు దేన్ని చూసి తమాయించుకోను?"

నర్సమ్మ నిజం చెప్పడం ఎప్పుడూ మంచిదేనని నమ్మిన మనిషి. అది కూడా ఒకరి దగ్గర్నుంచి ఏదో లాక్కోవచ్చని ఆ అరుగుమీద, ఆ వయసులో తెలిసింది.

లోపల్నుంచి బావ గొంతు వినిపించింది. ఎప్పట్నుంచి వింటున్నాడో. "బేరం చేతగానిదాన్ని చైర్మన్ చేసిన ఊరిది తప్పు, దానిదేముంది" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత కూడా నర్సమ్మ రోజూ వెళ్ళింది. అక్క రావద్దనలేదు. తలుపు తీసేది, టీ ఇచ్చేది, ఆరోగ్యం అడిగేది. ఆస్పత్రి మాట, ఆ పిల్ల మాట మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ పిల్ల గేటు దాకా వచ్చి నిలబడి, ఎత్తుకోమన్నట్టు చేతులు చాపినప్పుడు, అక్క కాసేపు చూసి, పొయ్యిమీద ఏదో ఉన్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోయేది. నర్సమ్మే లేచి వెళ్ళి ఎత్తుకునేది. పిల్ల బరువు పెరుగుతోంది, చేతులు మునుపటంత గట్టిగా లేవు. అయినా ఆ పిల్ల దిగుతానని గింజుకునేదాకా దించేది కాదు.